మూతపడని వాల్వు

పౌర్ణమి, సాయంత్రం పోటు

ఇల్లు వచ్చింది! పెళ్లయిన దగ్గర్నుంచీ పడవలోనే కాపురం చేసినదాన్ని, ఈ ఒక్క ముక్క రాసుకోవడానికే కొత్త పుస్తకం తెరిచాను. మేఘమాల టవర్లో నాలుగో అంతస్తు. కింది మూడు అంతస్తులూ నీళ్లలో ఉన్నాయి కాబట్టి మనుషులుండే వాటిలో మాదే మొదటిది. తలుపు తీస్తే మెట్లు, నాలుగు మెట్లు దిగితే పడవల రేవు. పాత కాకినాడ మొత్తం మీద ఇంతకన్నా మంచి ఇల్లు లేదు. ఎవరైనా ఉందంటే వాళ్లతో పోట్లాడతాను.

మా ఆయన వీరబాబు పగలంతా జనాన్ని పడవలో ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి చేరవేసే మనిషి. ఇంట్లో అడుగుపెట్టగానే గచ్చు మీద వెల్లకిలా పడుకుని, ఇది ఊగడం లేదేమిటి, నాకు నిద్రెలా పడుతుంది అన్నాడు. కావాలంటే నేను ఊపుతానన్నాను.

వంటింట్లో వేడిపలక పక్కన, గోడలోంచి ఒక ఇత్తడి వాల్వు బయటికి వచ్చి ఉంది. దాని పిడి గొట్టానికి అడ్డంగా ఉంటే, తుడుద్దామని పట్టుకుని తిప్పాను. అది గొట్టం వెంబడే నిలువుగా తిరిగింది. వెంటనే గోడలోంచి ఎవరో పలకరించారు.

"నాలుగో అంతస్తులోకి ఎవరో వచ్చారన్నారు. నువ్వేనా అమ్మడూ?"

నా చేతిలో గిన్నె కింద పడింది. వీరబాబు అప్పుడు లేచి కూర్చున్నాడు.

ఈ టవర్ వాళ్లకి ఇదొక ముచ్చట అని తరవాత తెలిసింది. ఒకప్పుడు ఈ గొట్టంలో గ్యాసు వచ్చేదట, దాంతో వంట చేసుకునేవారట. సముద్రం లోపలికి రాకముందు మాట. మా అమ్మ పుట్టకముందే గ్యాసు ఆగిపోయింది. గొట్టం మాత్రం అడుగు నుంచి పైదాకా ప్రతి వంటింటినీ కలుపుతూ అలాగే ఉండిపోయింది. లిఫ్టు పాడై మెట్లెక్కలేని వాళ్లంతా దీన్ని మాటలకి వాడుకోవడం మొదలుపెట్టారు. ముందు రెండుసార్లు గట్టిగా ఊదాలి, మన అంతస్తు చెప్పాలి, తరవాత మాట్లాడాలి. మాట అయిపోయాక పిడి అడ్డంగా తిప్పెయ్యాలి, లేకపోతే మన ఇంటి గుట్టు పదకొండో అంతస్తు దాకా పోతుంది.

నన్ను పలకరించినావిడ ఆ పదకొండో అంతస్తులోనే, పైకప్పు కింద ఒంటరిగా ఉంటారు. పేరు భ్రమరాంబ. అందరూ మామ్మగారు అంటారు. మోకాళ్లు పట్టేసి ఏళ్ల తరబడి కిందికి దిగలేదు. మంచం కూడా వంటింట్లో గొట్టం పక్కకే జరిపించుకున్నారు. ఆవిడ వాల్వు పిడి ఎప్పుడో విరిగిపోయిందట, మూతపడదు. "నా చెవి ఎప్పుడూ తెరిచే ఉంటదమ్మా, జాగర్తగా మాట్లాడుకో" అని నవ్వారు. మా ఊరు, మా పడవ, వీరబాబు ఏం తింటాడు అన్నీ అడిగారు. చివరికి నా పేరు అడిగి, నూకరత్నం అని నేను చెప్పేలోపే గుర్రు వినపడింది.

"పెద్దావిడ కదండీ, ఈమధ్య ఇంతే" అంది ఐదో అంతస్తు మంగతాయారు. ఆవిడ కూడా గొట్టంలోనే ఉందని నాకప్పటిదాకా తెలీదు.

బహుళ తదియ

రేవు కార్యాలయంలో లౌడ్‌స్పీకర్ మీద పోటు, ఆటు వేళలు చెప్పడం నా ఉద్యోగం. నీళ్లు ఎప్పుడు లేస్తాయో, ఎప్పుడు తీస్తాయో ఊరంతా నా గొంతుతోనే వింటుంది. ఈ సంగతి గొట్టంలో చెప్పగానే టవర్ టవరంతా పోటీపడి నన్ను పలకరించింది. ఇవాళ వంట చేసినంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాను. పీతల కూర మాడింది, ఐనా బాధ లేదు.

ఈ ముచ్చట నచ్చనిది ఒక్కరికే, ఏడో అంతస్తు పద్మనాభం గారికి. ఆయనే టవర్ సెక్రటరీ. వాల్వు మూసినా కబుర్లు వినిపిస్తున్నాయని దాని మూతికి ఒక ఇత్తడి మూత కూడా బిగించుకున్నారట. ఆ మాట మంగతాయారు గొట్టంలో చెప్పింది. ఆయన విన్నారో లేదో తెలీదు గానీ, మెట్ల మీద కనిపించి, నాచు చెత్త బయట సముద్రంలో పొయ్యకండి, లిఫ్టు గుంతలో పొయ్యండి, అందరూ అదే చేస్తారు అని నాకు బుద్ధులు చెప్పి వెళ్లారు.

టవర్ వాళ్లందరికీ నాచు పెంచుకునే మళ్లున్నాయి. కుళ్లినదంతా లిఫ్టు గుంతలోంచి కింది మునిగిన అంతస్తుల్లోకి పోతుంది. అందుకే మెట్ల మీద ఎప్పుడూ ఒక రకం కంపు. రెండు రోజుల్లో అలవాటైపోయింది.

బహుళ అష్టమి

ఇవాళ నీళ్లు పెద్దగా లేవవు, పెద్దగా తియ్యవు. అష్టమినాడు సముద్రం అలాగే బద్ధకంగా ఉంటుంది. మామ్మగారు మాత్రం మహా హుషారుగా ఉన్నారు. పొద్దుటి నుంచీ ఒక్క కునుకు లేకుండా మాట్లాడారు.

వాళ్ల అమ్మ వంటింట్లో ఇలాంటి గొట్టం చివరే పొయ్యి ఉండేదట. పిడి తిప్పి వెలిగిస్తే నీలం మంట వచ్చేదట. నేను మంటని కళ్లతో చూడలేదు. పడవల్లోనూ టవర్లలోనూ మంట పెట్టకూడదు, దేవుడి దగ్గర కూడా కరెంటు గాజు దీపమే. నిజం మంట, అదీ నీలం రంగుది, అదీ వంటింట్లో! ఎంత ఎత్తు ఉండేది, చప్పుడు చేసేదా, చెయ్యి ఎంత దూరం పెడితే కాలేది అని ప్రాణం తోడేశాను.

"భయమెయ్యలేదా మామ్మగారూ?"

"భయమెందుకే. వాసన చెప్పేసేది కదా. గ్యాసుకి కుళ్లిన ఉల్లిపాయ వాసన కలిపేవారు, కారితే తెలియాలని. ఓసారి ఇల్లంతా ఆ వాసనేస్తంటే, ఫ్యాను వేసి పోగొడదామని స్విచ్చు మీద చెయ్యేశాను. మా అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. స్విచ్చు ముట్టుకోకు, వేసున్నది ఆపకు, ఆపున్నది వెయ్యకు. కిటికీలు తెరు, పిడి కట్టు, బయటికి నడు. అంతే ఆవిడ చెప్పేది. ఆనక కుంకుడు రసం నురుగు చేసి అతుకుల మీద రాసేది. బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టు."

ఈ గొట్టంలో ఇప్పుడు గ్యాసు వస్తేనో అని అడిగాను. రాదన్నారు. వస్తే తన ముక్కుకి తెలియకుండా పోతుందా అని కూడా అన్నారు.

బహుళ ఏకాదశి

గొట్టం గుడగుడమంటోంది! పొద్దున పోటు ఎక్కే వేళకి వాల్వు తెరిస్తే అడుగు నుంచి ఎవరో పుక్కిలిస్తున్నట్టు చప్పుడు. అందరూ మంగతాయారు మీద పడ్డారు. నేను కాదు మొర్రో అని ఆవిడ ఒట్లు పెట్టుకుంది. మా కింద మునిగిపోయిన వంటిళ్లు తప్ప ఏమీ లేవు. సముద్రమే మాట్లాడుతోందన్నాను. వీరబాబు చెవి పెట్టి విని, సముద్రానికి కూడా నీలాగే నోరు ఊరుకోదు అన్నాడు.

మామ్మగారు ఇవాళ మళ్లీ మాట మధ్యలో జారిపోయారు. లేచాక తల బద్దలవుతోందన్నారు. అష్టమినాడు అంత చలాకీగా ఉన్న మనిషి. నాకు బాగా అనిపించలేదు. వయసు అని అందరూ అంటున్నారు, నేనూ అనుకున్నాను.

బహుళ త్రయోదశి

మంటని చూసినావిడని ఇవాళ చూశాను.

మంగతాయారు గొట్టంలో నాతో మాట్లాడుతూనే వేడిపలక స్విచ్చు వేసిందట. టప్ మని శబ్దం, ఆవిడ గొట్టం మూతి దగ్గర నీలం వెలుగు ఒక్క క్షణం లేచి ఆరిపోయిందట. పరుగెత్తుకెళ్లేసరికి ఆవిడ వంటింట్లో నిలబడి ఒక కనుబొమ్మ తడుముకుంటోంది. ఆ కనుబొమ్మ లేదు. ఆవిడ క్షేమంగా ఉందని తెలిశాక నా మొదటి ప్రశ్న, ఎలా ఉంది మంట అని. తిట్టింది. తిట్టి, చాలా అందంగా ఉందమ్మా అంది.

నాకు భయమూ సంబరమూ రెండూ కలిసి వచ్చాయి. గ్యాసు వస్తోంది! ఆగిపోయిన గ్యాసు కాదు, కొత్తది. సాయంత్రం నేనూ వీరబాబూ కూర్చుని లెక్క తేల్చాం. లిఫ్టు గుంతలో మేం పోసిన చెత్తంతా కింద కుళ్లి గ్యాసవుతోంది. అది మునిగిన వంటిళ్ల కప్పుల కింద పోగుపడుతోంది. పోటు వచ్చినప్పుడు నీళ్లు దాన్ని పైకి నెడితే, అక్కడ విరిగిన గొట్టం ఏదో ఉంటే అందులోకి దూరి మా వంటిళ్లలోకి వస్తోంది. దీనికి ఎవరూ ఉల్లిపాయ వాసన కలపలేదు. మెట్ల మీది కంపుకి అలవాటు పడిన మా ముక్కులకి ఇది తెలియనే తెలీదు.

ఎల్లుండి అమావాస్య. పున్నమి నుంచీ ఇప్పటిదాకా వచ్చిన పోట్లన్నిటికన్నా పెద్దది.

చతుర్దశి

సెక్రటరీ గారు మెట్ల మీద సమావేశం పెట్టారు. నేను చెప్పిందంతా విని, మొదటిసారి నన్ను గారు చేర్చి పిలిచారు. వెంటనే నిర్ణయం అయిపోయింది. రేపు పొద్దుటి పోటుకి ముందే టవర్లో ప్రతి ఇల్లూ వాల్వు మూసెయ్యాలి, ఎవరూ గొట్టం తెరవకూడదు, రేవు కార్యాలయం నుంచి మనుషులొచ్చి చూసేదాకా ఇంతే. అందరం చేతులెత్తాం. నేను రెండు చేతులూ ఎత్తాను. ఇంత ముఖ్యమైన పని నా జీవితంలో నా మాట మీద జరగలేదు మరి.

సాయంత్రం ఆఖరిసారి గొట్టం తెరిచి మామ్మగారికి చెబుదామని ఊదాను. పలకలేదు. నిద్రపోతున్నారు కాబోలు, పొద్దున పైకెళ్లి చెప్పొచ్చులే అనుకున్నాను.

అమావాస్య, పొద్దుటి పోటు దాటాక

ఇప్పుడే రాసుకోవాలి.

పొద్దున పిడి అడ్డంగా తిప్పి, కుంకుడు నురుగు రాసి చూశాను. బుడగ లేవలేదు. గుడగుడ కూడా వినపడలేదు. అంతా మూసేశాం, ఇక భయం లేదు అని గర్వంగా అన్నాను. పైకెళ్లి మామ్మగారికి చెప్పాలన్న మాటే మరిచాను. వీరబాబు పడవలోకి నీళ్లెక్కడి నుంచో వస్తున్నాయని పొద్దుటి నుంచీ తంటాలు పడుతున్నాడు. చేతులు తుడుచుకుంటూ తన గొడవ తను చెప్పాడు.

"నాలుగు చిల్లులుంటే నాలుగింట్లోంచీ కొంచెం కొంచెం వత్తది. మూడు మూసేత్తే నాలుగోదాంట్లోంచి చిమ్ముద్ది రత్నం. ఆ నాలుగోదే కనపడతాలేదు."

టవర్లో అందరం వాల్వులు మూసేశాం. మూతపడని వాల్వు ఒక్కటే ఉంది. అమావాస్య పోటు మొత్తం ఆ ఒక్క వంటింట్లోకి వెళుతోంది, ఆ గొట్టం పక్కనే మంచం ఉంది.

పున్నమికి నిద్ర, అష్టమికి హుషారు, మళ్లీ అమావాస్య దగ్గర పడేకొద్దీ నిద్ర. ఊరందరికీ పోటు వేళలు చెప్పేదాన్ని, మామ్మగారి కునుకులు పోటు వేళల్లోనే వస్తున్నాయని గమనించలేకపోయాను.

అందరికన్నా కింద ఉన్న వంటిల్లు మాది. ఇక్కడ దారి ఇస్తే గ్యాసు పైదాకా పోవడం తగ్గుతుంది. వాన నీళ్ల పీపా రబ్బరు ట్యూబు లాగి వాల్వు మూతికి ఎక్కించాను. రెండో కొస కిటికీలోంచి బయటికి వేసి, పిడి నిలువుగా తిప్పేశాను. ట్యూబు బిగుసుకుని బుస్సుమంది. స్విచ్చులేవీ ముట్టుకోవద్దని వీరబాబుకి చెబుతూనే మెట్ల మీద పడ్డాను.

ఒక్కో అంతస్తు దాటుతూ ఒకటే కేక. వాల్వుకి ట్యూబు తొడిగి కిటికీ బయటికి వెయ్యండి, పిడి తెరవండి, స్విచ్చు ముట్టుకోకండి. నిన్న మూసెయ్యమన్నారు, ఇవాళ తెరవమంటున్నారేంటని మంగతాయారు గుమ్మంలో నిలదీసింది. మామ్మగారి వాల్వు మూతపడదు అన్నాను. ఆవిడ వెంటనే పక్కింటి తలుపు బాదడానికి పరుగెత్తింది. ఏడో అంతస్తులో సెక్రటరీ గారు ఎదురైతే టవర్ కరెంటు మొత్తం కింద, దాన్ని పుట్టించే పోటు చక్రం దగ్గరే ఆపెయ్యమన్నాను. నా గొంతు లౌడ్‌స్పీకర్ గొంతని ఆయనకి ఇవాళ అర్థమైంది. పంచె ఎగ్గట్టి దిగారు.

పదకొండో అంతస్తు చేరేసరికి నాకు ఊపిరి లేదు. వెనకే వచ్చిన వీరబాబు నన్ను దాటి ముందుకెళ్లాడు. మామ్మగారి తలుపుకి గడియ ఉండదు, ఐనా పెద్దవాళ్ల ఇల్లు కదా, మర్యాదకి కాలింగ్ బెల్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం గోడకి కొట్టుకున్నాం. కరెంటు అప్పటికి పోయిందో లేదో మాకు తెలీదు. ఆ బెల్లు మోగి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు కూడా ఆలోచించలేకపోతున్నాను.

బయటే ఊపిరి బిగబట్టి లోపలికెళ్లాం. నేను కిటికీలు తోశాను, బాల్కనీ తలుపు తీశాను. వీరబాబు మామ్మగారిని దుప్పటితో సహా ఎత్తుకుని గాలిలోకి తెచ్చాడు. ఎంత చిన్న మనిషో. గొంతు విని నేను ఇంత పెద్ద మనిషిని ఊహించుకున్నాను. పెదవులు రంగు మారాయి. నేను ఆవిడ అరచేతులు రుద్దుతూ, మామ్మగారూ, మామ్మగారూ అని ఒకటే పిలిచాను. కింద టవర్ కిటికీలన్నిట్లోంచీ రంగురంగుల ట్యూబులు వేలాడుతున్నాయి. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

చాలాసేపటికి కళ్లు తెరిచారు. నన్ను చూసి ఎవరో అనుకున్నారు. మళ్లీ పిలిచాక గుర్తుపట్టారు.

"రత్నమా? గొంతు గొట్టంలోనే బాగుంటది నీకు."

శుద్ధ పాడ్యమి, పొద్దుటి పోటు దాటాక

నిన్న నీళ్లు తీసేసరికి గ్యాసు రావడం ఆగిపోయింది. ఇదే అదను. వస్తున్న గ్యాసుకి ఎదురుగా పని చెయ్యకూడదు, ఆటు వేళలోనే చెయ్యాలి అని వీరబాబు, నేను ఒకేసారి అన్నాం. అప్పటికి మామ్మగారు పదో అంతస్తులో చారన్నం తింటున్నారు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.

విరిగిన వాల్వు విప్పి గొట్టానికి మూత బిగించాలి. మూత ఎక్కడ దొరుకుతుంది? పద్మనాభం గారు కిందికెళ్లి, తన వాల్వుకి బిగించుకున్న ఇత్తడి మూత విప్పి తెచ్చి నా చేతిలో పెట్టారు. వాల్వు సైజు వేరు, గొట్టం సైజు వేరు అయితేనో అని భయపడ్డాను. మరలు కలిశాయి! ఆయన వైపు చూస్తే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

రెండు పానాలకీ తడి గుడ్డ చుట్టాం, ఇనుము ఇత్తడికి తగిలి నిప్పు రాలకూడదని. నేను ఒక పానాతో గొట్టాన్ని కదలకుండా పట్టుకున్నాను. లేకపోతే వాల్వుతో పాటు గోడలో గొట్టం కూడా తిరిగి అతుకు ఊడుతుంది. వీరబాబు రెండో పానాతో వాల్వుని తిప్పాడు. కదలలేదు. కొబ్బరి నూనె పోసి కాసేపు ఆగి, మళ్లీ పట్టాడు. మెడ మీద నరాలు తేలాయి. కిర్రుమని లొంగింది. పాత మరలు తుడిచి, నార చుట్టి, లక్క రాసి, మూత ముందు చేత్తోనే బిగించి, తరవాత పానాతో బిగించాం.

సాయంత్రం పోటు కోసం కూర్చున్నాం. ఇంత ఉత్కంఠ నా పెళ్లిచూపులప్పుడు కూడా లేదు. నీళ్లు లేస్తున్నకొద్దీ మూత అంచున కుంకుడు నురుగు రాస్తూ పోయాను. ఒక్క బుడగ లేచింది. అర్ధరాత్రి దాటి మళ్లీ ఆటు వచ్చేదాకా ఆగి, విప్పి, నార ఎక్కువ చుట్టి బిగించాం. ఇవాళ పొద్దుటి పోటుకి ఎంతసేపు చూసినా నురుగు నురుగులాగే ఉంది. మెట్ల మీద కూర్చున్న జనం కేకలు పెట్టారు. వీరబాబు నన్ను ఎత్తి తిప్పాడు, అందరి ముందూ!

శుద్ధ తదియ

రేవు కార్యాలయం మనుషులు వచ్చి, మూడో అంతస్తు దగ్గర పెద్ద గొట్టం కోసేసి మూసేశారు. మునిగిన అంతస్తుల గ్యాసు గోడ బయట నుంచి మేడ మీదికి, అక్కడి నుంచి గాలిలోకి పోయేలా వేరే గొట్టం వేశారు. లిఫ్టు గుంతకి తాళం పడింది. మా వంటింటి వాల్వులన్నిటికీ మూతలు బిగించి, ఇక ఎవరూ విప్పకూడదని చెప్పి సంతకాలు తీసుకున్నారు.

సంబరంగా పైకెక్కాను, మామ్మగారికి చెబుదామని. ఆవిడ మంచం మీద కూర్చుని ఆ మూతనే చూస్తున్నారు. నేను చెప్పిందంతా విన్నారు.

"నా ప్రాణం నిలబెట్టావు, బాగానే ఉంది. దాన్ని పెట్టుకుని ఈ గోడల మధ్య ఏం చెయ్యమంటావే?"

రోజూ వచ్చి మాట్లాడతానన్నాను. ఏడు అంతస్తులు రోజూ ఎవరెక్కుతారు, మాటవరసకి చెప్పకు అన్నారు. నిజమే. ఎక్కేటప్పటికే నా మోకాళ్లు పీకాయని దిగుతూ ఒప్పుకున్నాను. పదో అంతస్తు వాళ్లు అన్నం పెట్టి వస్తారు, అంతకన్నా కూర్చోరు.

ఇంటికొచ్చి కోపంగా గిన్నెలు తోమాను. గొట్టం మూసింది నేనా? గ్యాసు మూయించింది. ఐనా ఆ మాట పోవడం లేదు.

శుద్ధ పంచమి

ఒక ఆలోచన వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది. రాయకుండా ఉంటే పోతుందేమోనని నిన్నంతా ఈ పుస్తకం ముట్టుకోలేదు.

టవర్లో ప్రతి మనిషీ రోజుకి రెండుసార్లు మా గుమ్మం ముందు నుంచే రేవుకి దిగుతారు, రేవు నుంచి ఎక్కుతారు. కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చుంటే చాలు, టవర్ అంతా ఎదురుగా వస్తుంది.

మామ్మగారికి ఈ ఇల్లు ఇచ్చి మేం పైకి మారడం నాకు ఇష్టం లేదు. ఇష్టం లేదని ఇక్కడ రాస్తున్నాను. ఇంకా కిటికీలకి తెరలు కూడా కుట్టలేదు. రాత్రి వీరబాబుకి చెప్పాను. రోజంతా పడవ నడిపి వచ్చి ఏడంతస్తులు ఎక్కాల్సింది తనే కదా. అటు తిరిగి పడుకుంటూ, పైన గాలికి టవర్ కాస్త ఊగుద్దంట, నిద్దరన్నా పడతది అన్నాడు. ఈ మనిషిని చేసుకున్నందుకు నాకు అప్పుడప్పుడూ ఇలా కళ్లు చెమరుస్తుంటాయి.

శుద్ధ సప్తమి

ఇవాళ మామ్మగారు దిగారు!

ముందు ససేమిరా అన్నారు. నీ ఇల్లు నాకెందుకే, జాలి పడుతున్నావా అన్నారు. జాలి కాదు, పైనుంచి సముద్రం బాగా కనిపిస్తుందని నాకే ఆశ అని అబద్ధం ఆడాను. నమ్మలేదు, కానీ లేచి కొంగు దోపుకున్నారు. పడవ కుర్చీకి రెండు గెడలు కట్టి వీరబాబు ముందు, పద్మనాభం గారు వెనక పట్టారు. సెక్రటరీ గారు ఒకరి బరువు మొయ్యడం టవర్ చరిత్రలో ఇదే మొదటిసారని మంగతాయారు ప్రకటించింది.

ప్రతి అంతస్తు దగ్గరా జనం గుమ్మాల్లో నిలబడ్డారు. ఇన్నేళ్లుగా ఆవిడతో కష్టసుఖాలు చెప్పుకున్న వాళ్లే, ఎక్కువమంది ఆవిడ ముఖం చూడని వాళ్లు. తొమ్మిదో అంతస్తులో ఒక పొడవాటి ఆయన నమస్కారం పెట్టాడు. మామ్మగారికి ఎవరో తెలియలేదు. చెయ్యెత్తి కుర్చీ ఆపించారు. కళ్లు మూసుకున్నారు.

"ఒక మాట మాట్లాడు నాయనా."

ఆయన, బాగున్నారా మామ్మగారూ అన్నాడు. మామ్మగారు కళ్లు తెరవకుండానే అతని పేరు చెప్పి, భార్యతో మాట్లాడుతున్నావా, ఇంకా అలిగే ఉన్నావా అని అడిగారు. మెట్లన్నీ నవ్వులతో హోరెత్తాయి. ఆ తరవాత ప్రతి అంతస్తులోనూ అంతే. కళ్లు మూసుకోవడం, మాట వినడం, పేరు చెప్పడం, కళ్లు తెరిచి ఆ ముఖాన్ని తనివితీరా చూడటం. ఒక్క పేరు కూడా తప్పలేదు. ఎనిమిదో అంతస్తులో ఒక పెద్దావిడా మామ్మగారూ చేతులు పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. కుర్చీ మోసేవాళ్ల భుజాలు పడిపోతున్నాయని ఎవరికీ గుర్తు లేదు. మంగతాయారు మాట్లాడకుండానే పట్టుబడింది, ఒక కనుబొమ్మే ఉంది కదా.

నాలుగో అంతస్తు చేరేసరికి సాయంత్రమైంది. రేవులోంచి నీళ్ల మీది గాలి వచ్చి ముఖానికి తగిలితే మామ్మగారు కుర్చీ ఆపించారు. నా చెయ్యి నొక్కి పట్టుకున్నారు.

శుద్ధ దశమి

పదకొండో అంతస్తు నుంచి రాస్తున్నాను. ఊగుతుందన్నది ఉత్త మాట, కొంచెం కూడా ఊగదు. వీరబాబు మళ్లీ గచ్చు మీదే పొర్లుతున్నాడు. సముద్రం మాత్రం నిజంగానే బాగా కనిపిస్తుంది. అబద్ధం ఆడి ఒక నిజం సంపాదించాను. మూత దగ్గర రోజూ ఒకసారి నురుగు రాసి చూస్తున్నాను, ఏమీ లేదు.

వంట చేస్తుంటే గోడ పలకదు. అదొక్కటి వెలితి. ఇవాళ ఉండబట్టలేక ఏడు అంతస్తులూ దిగి మామ్మగారి దగ్గరికి వెళ్లాను. నాలుగో అంతస్తు మెట్ల దాకా వెళ్లనిస్తే కదా! పడవ దిగిన వాళ్లు, పడవెక్కాల్సిన వాళ్లు, ఏ పనీ లేని వాళ్లు గుమ్మం ముందు మూగి ఉన్నారు. మంగతాయారు, అందరూ ఒకేసారి మీద పడకండి, వరసలో రండి అని అదుపు చేస్తోంది. ఇది మా ఇల్లమ్మా అన్నాను. ఇప్పుడు కాదుగా, వెనక నిలబడు అంది. పద్మనాభం గారు నాకు ముందు నిలబడి ఉన్నారు. నన్ను చూసి, సమావేశం పని మీద వచ్చానన్నారు. సరే అన్నాను.

ఒక్కొక్కరే కదిలారు. అమావాస్య పోయి పున్నమి వస్తోంది కాబట్టి పోటు మళ్లీ పెరుగుతోంది, కింద మెట్లకి నీళ్లు తగులుతున్న చప్పుడు వినపడుతోంది. నా వంతు వచ్చేసరికి మామ్మగారు కుర్చీలో తల వాల్చి నిద్రపోతున్నారు. వంగి ముఖం దగ్గర చెవి పెట్టాను. ఊపిరి చల్లగా, తీరిగ్గా వస్తోంది. పెదవులు ఎర్రగా ఉన్నాయి. పొద్దుటి నుంచీ మాట్లాడి మాట్లాడి అలిసిపోయారు, అంతే.

పక్కన మెట్టు మీద కూర్చుని ఆవిడ లేచేదాకా కాపలా కాశాను.